వేసవి సెలవులకు ఒక కర్ర, ఒక నోటుపుస్తకం

పరీక్షలు అయిపోయాయి. ఏప్రిల్ నాలుగో వారంలో చివరి గంట కొట్టగానే మీరంతా సంచులు భుజాన వేసుకుని కేకలు పెడుతూ గేటు దాటి పరిగెత్తారు. ఇక బడి తలుపులు తెరిచేది జూన్ రెండో వారంలో. అంటే దాదాపు ఏడు వారాలు, నలభై తొమ్మిది రోజులు మీవే!

నలభై తొమ్మిది రోజులంటే తక్కువేమీ కాదు. అయినా జూన్‌లో బడి తెరిచిన రోజున "సెలవుల్లో ఏం చేశారర్రా?" అని అడిగితే తరగతిలో సగం మంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఏమీ లేదు మాస్టారూ!" అంటారు. తాటిముంజలు తిన్నారు, మామిడితోటల్లో తిరిగారు, అమ్మమ్మగారి ఊరు వెళ్ళివచ్చారు. అవన్నీ చేయవలసినవే. వాటిని మానమని నేను చెప్పబోవడం లేదు. కాని ఆ "ఏమీ లేదు" అన్నమాట అన్నప్పుడు మీ గొంతులో చిన్న చింత వినిపిస్తుంది. ఎందుకంటే సెలవులు మొదలైన రోజున మీరు అలా అనుకోలేదు. ఎన్నో చేసెయ్యాలనుకున్నారు. అవునా?

ఉత్సాహం ఎక్కడికి పోతుంది?

సెలవుల మొదటి రోజున చాలామంది ఒక పెద్ద పట్టిక రాసుకుంటారు. ఉదయం 5 గంటలకు లేవడం, 6 నుంచి 8 వరకు లెక్కలు, 8 నుంచి 10 వరకు ఇంగ్లీషు, ఇలా రాత్రి దాకా. ఎర్రసిరాతో గీతలు కూడా గీస్తారు. మొదటి రోజు బ్రహ్మాండంగా సాగుతుంది. రెండో రోజు ఫరవాలేదు. మూడో రోజు ఇంటికి చుట్టాలు వస్తారు. నాలుగో రోజు పట్టిక గోడమీద ఉంటుంది, మీరు చెరువుగట్టు మీద ఉంటారు!

దీనికి కారణం మీ బద్ధకం కాదు. మీరు ఎత్తిన బరువు పెద్దది. బడిలో గంట కొట్టేవారున్నారు, పక్కన స్నేహితులున్నారు, ఎదురుగా ఉపాధ్యాయుడున్నాడు. ఇంట్లో అవేవీ లేవు. అక్కడ మిమ్మల్ని మీరే నడిపించుకోవాలి. కనుక ఎత్తే బరువు చిన్నదిగా ఉండాలి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట చేసేదిగా ఉండాలి. చేసిన పని కంటికి కనబడాలి. ఈ మూడూ ఉన్న పని ఒకటి చెబుతాను. దానికి రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఖర్చు ఏమీ లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు అది సరిగ్గా వేసవి సెలవుల్లోనే దొరికే అవకాశం.

కర్ర పాతండి

మీటరు పొడవున్న తిన్నని కర్ర ఒకటి సంపాదించండి. పెరట్లోనో, డాబా మీదో, మిట్టమధ్యాహ్నం ఏ చెట్టునీడా పడని చదునైన చోట దానిని నిలబెట్టండి. నేల పైన సరిగ్గా ఒక మీటరు ఉండాలి. డాబా మీదైతే ఇసుక నింపిన డబ్బాలో గుచ్చి, నేల మట్టం నుంచి మీటరు వచ్చేట్టు చూసుకోండి. కర్ర నిటారుగా ఉన్నదో లేదో తెలియడానికి దారానికి ఒక రాయి కట్టి పక్కన వేలాడదీయండి. తాపీమేస్త్రీ గోడ కట్టేటప్పుడు చేసేది ఇదే. దారమూ కర్రా రెండువైపుల నుంచీ చూసినా సమాంతరంగా కనిపిస్తే సరి.

మొదటి రోజు మాత్రం కాస్త ఓపిక పట్టాలి. ఉదయం 11-30 నుంచి 12-10 వరకు ఐదేసి నిమిషాలకు ఒకసారి నీడ చివర ఒక గులకరాయి పెట్టండి. నీడ పొట్టిదవుతూ వచ్చి, మళ్ళీ పొడవవడం మొదలుపెడుతుంది. అన్నిటికంటె పొట్టిగా ఉన్న నీడ సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఆ గీతను సుద్దతోనో, మేకుతోనో గీసి ఉంచండి. మిగిలిన రోజుల్లో నీడ ఆ గీతమీదికి వచ్చేసరికి దాని పొడవు కొలిచి, నోటుపుస్తకంలో ఐదు గళ్ళు నింపండి: తేదీ, గంట, నీడ పొడవు, నీడ ఏ దిక్కున ఉన్నది, ఆకాశం ఎలా ఉన్నది.

ఇక్కడే మీకు ఒక వింత ఎదురవుతుంది. నీడ అన్నిటికంటె పొట్టిగా ఉండేది గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు కాదు, దాదాపు 11-50కి! గడియారం తప్పా? కాదు. భారతదేశమంతటికీ ఒకే కాలం ఉండాలని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని లెక్కగా తీసుకున్నారు. శ్రీకాకుళం దానికి తూర్పున, సుమారు 84 డిగ్రీల దగ్గర ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. కనుక మనకు మధ్యాహ్నం ఐదారు నిమిషాలు ముందే వస్తుంది. దానికి తోడు భూమి సూర్యుని చుట్టూ తిరిగే మార్గం పూర్తి వృత్తం కాకపోవడం వల్లా, భూమి అక్షం వంగి ఉండటం వల్లా మే నెలలో సూర్యుడు గడియారం కంటె మరో మూడున్నర నిమిషాలు ముందుంటాడు. రెండూ కలిపి చూసుకోండి, లెక్క సరిపోతుంది!

నీడ ఎక్కడికి పోయింది?

శ్రీకాకుళంలో ఏప్రిల్ 25 ప్రాంతాన మీ మీటరు కర్ర నీడ సుమారు 9 సెంటీమీటర్లు ఉత్తరంగా పడుతుంది. మర్నాడు చూస్తే అర సెంటీమీటరు తగ్గుతుంది. ఆ తర్వాతి రోజు మరో అర సెంటీమీటరు. ఒక్క రోజు చూసినవాడికి ఏమీ తెలియదు. పది రోజులు చూసినవాడికి నీడ సగం కరిగిపోయి కనిపిస్తుంది. మే రెండో వారం దాటేసరికి మధ్యాహ్నం వేళ కర్రకు నీడే ఉండదు! వాకిట్లో నిలబెట్టిన చెంబుకు గాని, స్తంభానికి గాని పక్కన నీడ కనబడదు. మీ నీడ మీ పాదాల కిందే దాక్కుంటుంది.

సూర్యుడు రోజూ మధ్యాహ్నం మన నడినెత్తికి వస్తాడని అందరూ అంటారు. కాని అది నిజం కాదు. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీలో ఏడాది పొడవునా ఒక్క రోజు కూడా సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండడు. కర్కట, మకర రేఖల నడుమ ఉన్న ఊళ్ళకే ఆ భాగ్యం, అదీ ఏడాదికి రెండు రోజులే.

భూమి అక్షం 23½ డిగ్రీలు వంగి ఉన్నదని మీ పాఠంలో చదువుకున్నారు. ఆ వంపు వల్లనే సూర్యుడు నడినెత్తిన ఉండే చోటు డిసెంబరు నుంచి జూన్ వరకు ఉత్తరంగా జరుగుతూ వస్తుంది. మే నెల మధ్యలో అది రోజుకు సుమారు 27 కిలోమీటర్లు కదులుతుంది. సైకిలు మీద వెళ్ళేవాడు దాన్ని సులువుగా దాటిపోగలడు! అది విశాఖపట్నం మీదుగా మే 10 లేదా 11న, విజయనగరం మీదుగా 12న, శ్రీకాకుళం మీదుగా 13న, పలాస మీదుగా 15న, ఇచ్ఛాపురం మీదుగా 16న దాటుతుంది. ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. మీ ఊరికి ఏ రోజో మీ కర్రే చెప్పాలి.

ఇక ఇచ్ఛాపురం దాటి వెళ్ళిన సూర్యుడు జూన్ 21న కర్కట రేఖను చేరి, వెనుదిరిగి జూలై చివర మళ్ళీ మన మీదుగా వస్తాడు. అయితే అప్పటికి వానమబ్బులు కమ్మి ఉంటాయి. కనుక మే నెలలోనే చూడటం మేలు. అరసవల్లి సూర్యదేవాలయంలో ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకేది కూడా ఏటా రెండు సార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ. సూర్యుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి వస్తూ ఒకసారి ఒకే చోట ఉదయిస్తాడు. కారణం మీ కర్రకు తెలిసినదే.

ఇద్దరు కలిస్తే భూమినే కొలవవచ్చు

సెలవుల్లో పిల్లలు తలో ఊరికి పోతారు కదా. దాన్ని కూడా ఉపయోగించుకోవచ్చు. మీరు విజయనగరంలో ఉన్నారు, మీ పిన్నిగారి అబ్బాయి ఇచ్ఛాపురంలో ఉన్నాడనుకోండి. మే 12న మీ కర్రకు నీడ లేదు. అదే రోజున అతని మీటరు కర్రకు సుమారు 1¾ సెంటీమీటర్ల నీడ ఉత్తరంగా ఉంటుంది. మీటరుకు అంత నీడ అంటే ఒక డిగ్రీ కోణం. పదో తరగతికి వచ్చినవారు త్రికోణమితి పట్టికలో చూసుకోవచ్చు. మిగిలినవారు కాగితం మీద గీసి కోణమానినితో కొలుచుకోవచ్చు.

ఇప్పుడు పటం తెరిచి, దాని స్కేలుతో ఇచ్ఛాపురం విజయనగరం కంటె ఎంత ఉత్తరాన ఉన్నదో కొలవండి. రోడ్డు దూరం పనికిరాదు, ఏటవాలు దూరమూ పనికిరాదు. నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాల దూరం కావాలి. అది సుమారు 111 కిలోమీటర్లు. ఒక డిగ్రీకి 111 అయితే 360 డిగ్రీలకు? దాదాపు 40,000 కిలోమీటర్లు! అదే భూమి చుట్టుకొలత. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో ఉన్న రెండు ఊళ్ళ నీడలతో చేసిన పని ఇదే. ఆయనకు ఏనుగంత యంత్రాలేమీ లేవు. ఒక నీడ, ఒక దూరం, ఒక ఆలోచన ఉన్నాయి.

మీ నీడ ఒక అర సెంటీమీటరు అటూ ఇటూ అయితే జవాబు చాలా మారిపోతుంది. బెంగపడకండి. సూర్యబింబమే అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కనుక నీడ అంచు మసకగానే ఉంటుంది. నాలుగైదు రోజులు ఇద్దరూ కొలిచి, తేడాల సరాసరి తీయండి.

రెండు నోటుపుస్తకాల కథ

ఇప్పుడు నేను చేసిన తప్పొకటి మీకు చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పని అప్పగించాను. ఏమవుతుందో ముందు చెప్పలేదు. "ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు" అని మాత్రం గట్టిగా చెప్పాను. జూన్‌లో రెండే రెండు పుస్తకాలు వచ్చాయి. ఒక అబ్బాయిది అద్దంలా ఉన్నది. నలభై తొమ్మిది రోజులూ నిండి ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేదు. రెండోది ఒక అమ్మాయిది. అట్ట చిరిగింది, సగానికి సగం ఖాళీలు. ఖాళీల ఎదురుగా చిన్న అక్షరాలతో "అమ్మతో జీడితోటకు వెళ్ళాను", "మబ్బు", "తమ్ముడికి జ్వరం" అని ఉన్నది. నేను అబ్బాయి పుస్తకాన్ని తరగతి అంతటికీ చూపించి మెచ్చుకున్నాను. అమ్మాయి పుస్తకాన్ని చూసి, "ఇన్ని ఖాళీలా?" అన్నాను. ఆ పిల్ల తలవంచుకుని కూర్చుంది.

ఇంటికి తెచ్చుకుని రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. అబ్బాయి పుస్తకంలో నీడ రోజురోజుకీ సమంగా తగ్గుతూ వచ్చి బడి తెరిచే రోజుకు సున్న అయింది. దిక్కు గడిలో మొదటి నుంచి చివరి వరకు "ఉత్తరం". అమ్మాయి పుస్తకంలో నీడ మే మధ్యలోనే సున్న అయి, తర్వాత మళ్ళీ పెరిగింది. దిక్కు గడిలో "దక్షిణం" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఆ కింద "తప్పు కొలిచానేమో" అని ఉన్నది.

మర్నాడు అదృష్టవశాత్తూ ఎండ కాసింది. మధ్యాహ్నం పిల్లలందరినీ మైదానంలోకి తీసుకువెళ్ళి కర్ర పాతాను. నీడ ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, సరిగ్గా దక్షిణంగా! మన ప్రాంతంలో మే మధ్య నుంచి జూలై చివర వరకు సూర్యుడు మధ్యాహ్నం మనకు ఉత్తరాన ఉంటాడు. కనుక నీడ దక్షిణంగా పడుతుంది. ఆ సంగతి ఆ అమ్మాయి ఒక్కతే కనిపెట్టింది. ఎవరూ చెప్పకుండా తన కంటితో చూసింది. చూసినది పుస్తకంలో లేకపోయినా, తాను తప్పేమోనని భయపడినా, చూసినట్టే రాసింది.

ఆ అబ్బాయిని నేను కోప్పడలేదు. పక్కకు పిలిచి అడిగితే చెప్పాడు: "మొదటి వారం కొలిచాను మాస్టారూ. తర్వాత నాలుగు రోజులు పెళ్ళికి వెళ్ళాం. ఖాళీలుంటే మీరు తిడతారని ఇక మానేసి, ఊహించి రాశాను." తప్పు ఎవరిది? సగం వాడిది, సగం నాది. ఖాళీ ఉండకూడదన్న నా మాటే వాణ్ణి పని మానిపించింది, అబద్ధం రాయించింది. తరగతి ముందు నిలబడి ఆ అమ్మాయితో "నేను పొరబడ్డానమ్మా" అని చెప్పాను.

ఆ రోజు నుంచి నా నియమం మారింది. మీకూ అదే చెబుతున్నాను. ఖాళీ ఉంటే ఉండనివ్వండి. కారణం రాయండి. మర్నాడు మళ్ళీ కొలవండి. తప్పిన రోజు ఒకటైనా, పది అయినా నష్టం అంతటితో సరి. ఇక మానేస్తేనే మిగిలిన రోజులన్నీ పోతాయి. ఖాళీ గడి కూడా ఒక నిజమే. ఊహించి నింపిన గడి మాత్రం పక్కనున్న నిజమైన గళ్ళను కూడా నమ్మకుండా చేస్తుంది.

చదివినది ఎలా నిలుస్తుంది?

"మరి మా పాఠాల సంగతేమిటి?" అంటారా? దానికీ ఐదు నిమిషాల పద్ధతి ఒకటి ఉన్నది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఒక పుస్తకం ప్రచురించాడు. అర్థంలేని అక్షరాల వరసలను కంఠస్థం చేసి, కొంతకాలం తర్వాత వాటిని మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కవేశాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం శ్రమ ఆదా అయింది. ఒక రోజు తర్వాత మూడో వంతు మాత్రమే. నెల తర్వాత సుమారు 21 శాతం.

ఇందులో రెండు పాఠాలున్నాయి. మరపు మొదట్లోనే జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. రెండోది, నెల గడిచినా అంతా పోలేదు. మళ్ళీ తడిపితే మొలకెత్తే విత్తనంలా ఎంతోకొంత లోపల ఉండనే ఉన్నది. కనుక రోజూ పాత పాఠం ఒకటి తీసుకుని, పుస్తకం మూసి, గుర్తున్నంతవరకు కాగితం మీద రాయండి. తర్వాతే పుస్తకం తెరిచి చూసుకోండి. మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి అదే పాఠాన్ని మళ్ళీ పలకరించండి. పదిసార్లు చూసి రాసే ఇంపోజిషన్ కంటె ఇది మేలు.

మన నేల మీదే

ఇలా తమంతట తాము పని పెట్టుకున్నవారు మన ప్రాంతంలో లేకపోలేదు. శ్రీకాకుళం ప్రాంతపు జమీందారీ కుటుంబానికి చెందిన గోడే వెంకట జగ్గారావు మద్రాసు నక్షత్రశాలలో టేలర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుని దగ్గర నేర్చుకుని, 1840లో విశాఖపట్నంలో తన సొంత నక్షత్రశాల పెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించాడు.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. శ్రీముఖలింగం గుడిలోని శాసనాలను ఎవరూ చెప్పకుండా తానే చదవడం నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఏ పరీక్షలోనూ ఆ ప్రశ్న రాదు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకు అరవై ఏడో ఏడు దాటింది. రోజుకు కొన్ని మాటలు చొప్పున కూడబెట్టిన పని అది.

కొన్ని జాగ్రత్తలు

సూర్యుణ్ణి ఎప్పుడూ కంటితో నేరుగా చూడకండి. మన చూపు ఎప్పుడూ నీడమీదే. మే ఎండ సామాన్యమైనది కాదు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, కాళ్ళకు చెప్పులు వేసుకుని వెళ్ళండి. చోడి అంబలో, మజ్జిగో తాగండి. కొలత కాగానే నీడపట్టుకు వచ్చెయ్యండి. సాయంకాలం ఉరుము వినబడితే డాబా దిగి ఇంట్లోకి రండి, చెట్ల కింద నిలబడకండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరాన పడిందో తెలుస్తుంది. ఆ లెక్క కిటికీ లోపల నుంచే వేయండి. నాగావళిలోగాని, వంశధారలోగాని, చెరువుల్లోగాని పెద్దవాళ్ళు తోడు లేకుండా ఈతకు దిగకండి. జూన్‌లో హాజరు పిలిచేటప్పుడు ప్రతి పేరుకూ జవాబు రావాలి. మాకు అన్నిటికంటె అదే ముఖ్యం.

కొందరు సెలవుల్లో పొలంలోనో, తోటలోనో అమ్మానాన్నలకు సాయపడుతూ ఉంటారు. అటువంటివారు "మాకు తీరికేదీ?" అనుకోవద్దు. తోటలోనూ కర్ర నిలుస్తుంది. తోటలోనూ సూర్యుడుంటాడు. ఇంతకుముందు చెప్పిన ఆ అమ్మాయి కొలతల్లో కొన్ని జీడిచెట్ల నడుమ ఖాళీస్థలంలో తీసినవే.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నం మీ కర్ర నీడ ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దక్షిణంగా ఉంటుంది. సెలవులు మొదలైనప్పుడు దాదాపు అంతే నీడ ఉత్తరంగా ఉండేది. ఈ మధ్యలో సూర్యుడు మీ నెత్తిమీదుగా దాటి వెళ్ళాడు. "సెలవుల్లో ఏం చేశావు?" అని ఎవరైనా అడిగితే నోటుపుస్తకం తెరిచి చూపించండి. ఖాళీలతో సహా!